నేనూ, నా రెండు ఎర్తులూ

మూడు పిన్నుల ప్లగ్గు సాకెట్లో దిగకపోతే పైపిన్ను విరగ్గొట్టిన పాపం మీ ఇంట్లో ఎవరైనా చేశారా? పోనీ, రెండు పిన్నుల ఛార్జరు మొండికేస్తే పై కన్నంలో అగ్గిపుల్ల గుచ్చి పని కానిచ్చారా? కానిచ్చే ఉంటారు. అందుకే ఈ సంగతి మీకు ధైర్యంగా చెప్పుకుంటున్నాను. ఆ పైపిన్ను మిగతా రెండిటికన్నా లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో, ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందుగా తగలాలనీ, తీసేటప్పుడు ఆఖర్న వదలాలనీ అలా చేశారని పాతికేళ్లుగా క్లాసులో చెబుతున్న మనిషిని నేను. మా ఇంట్లో మిక్సీకి ఆ పిన్ను లేదు. ఎవరు విరగ్గొట్టారని అడక్కండి.

వినుకొండలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. జాషువా పుట్టిన ఊరు కావడం చేతనో ఏమో, మా ఊళ్లో మాటలకి కరువుండదు, నా దగ్గరైతే మరీను. నూజెండ్ల వైపు మాకు రెండెకరాల మిరప ఉంది. కాయ కోసి కళ్లంలో పోశాక అసలు దిగులు మొదలవుతుంది. రేటు పలికే ఏడాది రాత్రికి రాత్రి రెండు టిక్కీల తేజ కాయ లేచిపోయినా అడిగే దిక్కుండదు. పొలాల లైనులో కరెంటు పగలు తొమ్మిది గంటలే ఇస్తారు. కళ్లం కాపలా ఉండే పెద్దాయనకి రాత్రిళ్లు టార్చిలైటే గతి. ఆయనకో లైటూ ఫ్యానూ, ఫోను ఛార్జింగూ, నాకేమో ఇంట్లో కూర్చుని కళ్లం చూసుకోవడానికి సిమ్ము వేసే కెమెరా. దీనికోసం రెండు సోలార్ ప్యానెళ్లు, ఒక బ్యాటరీ, ఒక ఛార్జ్ కంట్రోలరు, చిన్న ఇన్వర్టరు కొన్నాను. కరెంటాఫీసుతో సంబంధం లేని సొంత కరెంటు. ఆ మాట నలుగురిలో అనడానికే సగం డబ్బు పెట్టానని మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఊళ్లో ఒక ఎలక్ట్రీషియను కుర్రాడున్నాడు. ఇంటర్లో నా దగ్గరే చదివాడు. ఫిజిక్సులో అత్తెసరు మార్కులతో గట్టెక్కి ఐటీఐలో చేరాడు. కళ్లం చూసి, బిగించే కూలీ కాక ఎర్తింగుకి విడిగా ఒక అంకె చెప్పాడు.

"అంతెందుకురా?" అన్నాను.

"గొయ్యి తియ్యాలి సార్. జీఐ పైపు, పట్టీ, బొగ్గు, ఉప్పు..."

"పన్నెండు వోల్టుల డీసీకి ఎర్తేంట్రా? చేత్తో పట్టుకున్నా చావరు."

"షాక్ కోసమే కాదు సార్. పిడుగు కోసం."

పిడుగు మాట వినగానే నాలో లెక్చరరు లేచాడు. కళ్లం మధ్యలో నిలబడి 1752లో ఫ్రాంక్లిన్ గాలిపటం దగ్గర మొదలెట్టాను. ఆ మరుసటేడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త అలాంటి ప్రయోగమే చెయ్యబోయాడు. ఇంటిమీద ఇనుప కడ్డీ నిలబెట్టి దాన్నుంచి గదిలోకి తీగ లాగాడు గానీ, కొలవడం కోసమని దాన్ని భూమిలోకి దించలేదు. గాలివానలో పరికరం మీదికి వంగి చూస్తుంటే నుదుటి మీద దెబ్బ తగిలి అక్కడికక్కడే పోయాడు. ఏటా ఈ కథ చెప్పి, "అంత చదువుకున్నవాడు కూడా ఎర్తు దగ్గర ఏం చేశాడో చూశారా!" అని పిల్లల్ని నవ్విస్తుంటాను. కుర్రాడు చేతిలో స్క్రూడ్రైవరు తిప్పుకుంటూ కథంతా విన్నాడు. విని, "అయితే ఎర్తు వేసేద్దామా సార్?" అన్నాడు.

"నే వేసుకుంటాలే" అన్నాను.

డబ్బు మిగులుతుందని కాదు. అబద్ధం, డబ్బు కోసమే. కానీ దానికన్నా, నేను పాఠం చెప్పినవాడి చేత నా పొలంలో పాఠం చెప్పించుకోవడమేమిటన్న ఉక్రోషం. పిడుగులంటే నాకు తెలియనివా? 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని విపత్తుల నిర్వహణ సంస్థ లెక్క చెబితే, ఆ అంకె బోర్డు మీద రాసి పిల్లల చేత నోరెళ్లబెట్టించింది ఎవరు? నేనే. తెలియడానికీ చెయ్యడానికీ మధ్య ఎంత దూరముందో ఆ బోర్డు మీద రాయలేదు, అంతే.

ఒక ఆదివారం లుంగీ ఎగ్గట్టి దిగాను. ప్యానెళ్లు నిలబెట్టింది రోడ్డు గట్టు పక్కన. అక్కడంతా గరుసు నేల. పాత గునపం ముక్క ఒకటి దొరికితే సుత్తితో కొట్టాను. రెండడుగులు దిగి ఠంగుమంది. కింద బండ. చాల్లే అనుకున్నాను. రాగితీగ తీసుకుని ప్యానెలు అల్యూమినియం ఫ్రేముకి రెండు చుట్లు చుట్టి, మెలేసి, గునపానికి కట్టాను. షెడ్డు దగ్గర మాత్రం నల్లరేగడి. అక్కడ కొత్త రాడ్డు సుత్తి దెబ్బకి మెత్తగా దిగిపోయింది. ఇన్వర్టరు ఎర్తు తీగ దానికి కట్టాను. అందరికీ ఒక ఎర్తుంటే నాకు రెండు. ప్యానెళ్ల ఎర్తు ప్యానెళ్లది, ఇన్వర్టరు ఎర్తు ఇన్వర్టరుది, దాని గొడవ దీనికి అంటకుండా. ఎంత ముందుచూపో చూడండి.

ప్యానెలుకీ గునపానికీ మధ్య రాగితీగ ఇంకా చాలా మిగిలింది. రాగి రేటు తెలిసినవాణ్ని, తెగ్గొట్టడానికి చెయ్యాడలేదు. నీళ్ల సీసా చుట్టూ వరసగా తిప్పి, ముద్దుగా చుట్ట చేసి, మూడుచోట్ల టేపేసి స్తంభానికి వేలాడదీశాను. చూడ్డానికి భలే ఉంది. ఫోటో తీసి 'మన చేతి పని' అని వాట్సాప్ స్టేటస్ పెట్టాను. మ్యాథ్స్ ఆయన 'నీట్ వర్క్ సార్' అన్నాడు. ఆ పూట అన్నం కూడా రుచిగా ఉంది.

ఇక పెద్దాయనకి జాగ్రత్తలు చెప్పాను. "లైటు స్విచ్చి వేసుకో, ఫ్యాను వేసుకో. ఆ డబ్బాల జోలికి మాత్రం పోవద్దు. అందులో చాలా సైన్సు ఉంది" అన్నాను. ఆయన తల ఊపాడు.

ఏప్రిల్ నెలాఖరు. కాయ ఎండుతోంది. నరసరావుపేట నుంచి మా బావమరిది వచ్చాడు. పకోడీల పళ్లెం మధ్యలో పెట్టుకుని, ఫోనులో కెమెరా తెరిచి వాడికి కళ్లం చూపిస్తున్నాను. పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. కాయమీద అప్పటికే పట్టాలు కప్పి ఉన్నాయి, పెద్దాయన కనపడలేదు. "చూశావా బావా, ఇక్కడ కూర్చుని అక్కడ వాన చూస్తున్నాం" అన్నాను. "పిడుగు పడితేనో?" అన్నాడు వాడు. నేను పకోడీ నోట్లో వేసుకుని "రెండు ఎర్తులు వేశా" అన్నాను, ఆ మాట పూర్తయిందో లేదో తెర తెల్లబడింది, ఆ వెంటనే నల్లబడింది, రీకనెక్టింగ్ అంటూ ఒక సున్నా తిరగడం మొదలెట్టింది, నెట్టు స్లో అన్నాను, మళ్లీ తెరిచాను, మళ్లీ సున్నా, పెద్దాయనకి ఫోను చేస్తే అందుబాటులో లేరంది, నాకు గుండె గుభేలుమంది, చెప్పులేసుకుని బండి తాళం అందుకున్నాను. ఆ ఉరుముల్లో, ఆ మెరుపుల్లో, బైకు మీద, బయలుకి.

మా ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఏటా చెబుతారుగా ఆ రష్యా ఆయన కథ, వచ్చే ఏడు నుంచి పిల్లలు రెండు కథలు చదువుకోవాలా?" అంది. వాన తగ్గేదాకా మంచం మీద కూర్చున్నాను. బావమరిది పకోడీలన్నీ తినేశాడు.

పెద్దాయన క్షేమంగా ఉన్నాడు. పక్క పొలం వాళ్ల స్లాబు ఇంట్లో టీ తాగుతున్నాడు. "పిడుగులు పడతయ్యని ఫోనులో మెసేజీ పడింది సారూ. పట్టాలు కప్పి ఇటొచ్చా" అన్నాడు. ఆ మెసేజీ నాకూ వచ్చింది, కెమెరా చూసే తొందర్లో పక్కకి తోసేశాను. "వచ్చేముందు ఆ ప్యానెలు వైర్లు పీకెయ్యకపోయావా?" అన్నాను గొంతు పెంచి. "పీకుదామనే అనుకున్నా. జోలికి పోవద్దన్నారుగా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరున్నా చెప్పకండి.

పిడుగు పడింది పక్క గట్టుమీది తాడిచెట్టు మీద. మట్ట సగం కాలి వేలాడుతోంది. నా ప్యానెళ్ల అద్దానికి గీత కూడా పడలేదు. షెడ్డులో మాత్రం కంట్రోలరు నల్లగా మాడింది, ఇన్వర్టరు మూత తీస్తే కమురు వాసన, కెమెరా కన్ను మూసింది. బ్యాటరీ ఒక్కటే బతికింది.

కుర్రాడికి ఫోను చేశాను. వాడు వచ్చేలోపు నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఆ చుట్ట విప్పెయ్యడం. టేపు పీకి, తీగ లాగి, కాలితో తొక్కి తిన్నగా చెయ్యబోయాను. రాగికి జ్ఞాపకశక్తి ఎక్కువ. ఎంత తొక్కినా వంకర్లు పోలేదు.

కుర్రాడు వచ్చి ముందు ఆ తీగే చూశాడు. "ఇదెవరు చుట్టారు సార్?"

"ఆ పెద్దాయన ఏదో తెలియక..." అన్నాను. ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. నావైపు ఒక్క చూపు చూసి, కుర్రాడితో "అవున్నాయనా, నేనే చుట్టా" అన్నాడు. నాకన్నా పదేళ్లు పెద్ద మనిషి. భూమిలోకి దిగిపోదామనిపించింది. కానీ నా ఎర్తులు రెండడుగులే గదా దిగింది.

"పోన్లే తాతా" అన్నాడు కుర్రాడు. తర్వాత నావైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీ స్టేటస్‌లో చూశా సార్. చెబుదామనుకున్నా. ఇండక్టరు పాఠం చెప్పిందే సార్ కదా, ఏదో ఆలోచించే చుట్టుంటారని ఊరుకున్నా" అన్నాడు.

ఆ పాఠం మీకూ చెప్పేస్తాను. తీగ చుట్ట చుడితే అందులో కరెంటు హఠాత్తుగా పెరగడానికి ఒప్పుకోదు. పిడుగులో కరెంటు మైక్రోసెకన్లలో వేల ఆంపియర్లకి లేస్తుంది. తిన్నటి తీగ మీదే మీటరుకి వేల వోల్టులు నిలబడిపోతాయి. అలాంటిది చుట్ట చుట్టి, నేను పిడుగుకి 'ఇటు దారి లేదు, షెడ్డులోంచి వెళ్లు' అని బోర్డు కట్టాను. ఎర్తు తీగ పొట్టిగా, తిన్నగా, మలుపుల్లేకుండా దిగాలి. మిగిలిన రాగి తెగ్గొట్టి ఇంటికి తీసుకుపోవాలి.

"సరే, పడింది తాడిచెట్టు మీద కదరా, మన మీద కాదుగా?" అన్నాను, పరువు ఇంకా ఎక్కడన్నా మిగిలి ఉందేమోనని.

"చెట్టుకింద జీవాలు ఎందుకు చస్తాయి సార్, వాటి మీద పడకుండానే?" అన్నాడు.

చప్పున వెలిగింది. పిడుగంటే మామూలుగా ముప్పై వేల ఆంపియర్లు. నేల పది ఓములు అడ్డుపడిందనుకున్నా గుణిస్తే మూడు లక్షల వోల్టులు. పడ్డచోట భూమి ఒక్కసారిగా అంత పైకి లేచి, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. గేదె ముందుకాళ్ల దగ్గర ఒక వోల్టేజీ, వెనకకాళ్ల దగ్గర ఇంకొకటి. ఆ తేడా పొట్టలోంచి, గుండెలోంచి దాటిపోతుంది. నేను నా సోలారుని నిలువునా ఒక గేదెని చేశాను. గట్టు దగ్గర గునపం ముందుకాళ్లు, షెడ్డు దగ్గర రాడ్డు వెనకకాళ్లు, మధ్యలో పొట్ట స్థానంలో కంట్రోలరూ ఇన్వర్టరూ. రెండు ఎర్తులు పాతడం తప్పు కాదట. రెంటినీ కలపకపోవడం తప్పు. అన్నీ ఒకే మట్టానికి కట్టి ఉంటే లేచినప్పుడు అన్నీ కలిసి లేస్తాయి, మధ్యలో ఉన్నదానికి తేడా తెలియదు. ఇంతకాలం నేను ఎర్తంటే కరెంటుని భూమిలో పారబోసే తూము అనుకున్నాను. ఫిజిక్స్ ఎమ్మెస్సీ.

తర్వాత కుర్రాడు నా పనితనం ఒక్కొక్కటే విప్పి చూపించాడు. మల్టీమీటరు ఒక కొస నేను చుట్టిన తీగకి, రెండోది ప్యానెలు ఫ్రేముకి ఆనించాడు. మీటరు పలకలేదు. అల్యూమినియం ఫ్రేము మీద తుప్పు పట్టకుండా ఒక సన్నని పొర పట్టిస్తారు, అది కరెంటుని పోనివ్వదు. స్క్రూడ్రైవరు కొసతో తీగ కిందా, మీటరు కొస ఆనినచోటా చిన్న గీతలు గీసి మళ్లీ ఆనించాడు. కీచుమంది. అంటే ఇన్నాళ్లూ నా తీగ ఫ్రేముని కౌగిలించుకుని ఉంది గానీ ముట్టుకోలేదు. "పిడుగుకి ఈ పొర ఒక లెక్కలోది కాదు సార్. మామూలు లీకేజీకి మాత్రం గోడే" అన్నాడు. పైగా రాగి నేరుగా అల్యూమినియానికి తగిలితే తేమకి తినేస్తుందట. తగరం పూత పూసిన లగ్గు, స్టెయిన్‌లెస్ బోల్టు, పొరని కొరికి పట్టుకునే పళ్ల వాషరు వాడాలి. ఆ వాషరు ఖరీదు చెబితే మీరు నవ్వుతారు. నేను నవ్వలేదు.

ఇక షెడ్డు దగ్గరి రాడ్డు. పట్టుకుని ఊపితే ఊగింది. నల్లరేగడి తడిసినప్పుడు ఎర్తుకి అంత మంచి నేల లేదు. ఎండాకాలం నెర్రెలు విచ్చి, రాడ్డుని వదిలేసి దూరం జరుగుతుంది. ఆ వేళ నా రెండో ఎర్తు సగం గాలిలో ఉంది.

వాడు చెప్పినట్టే చేశాం. నల్లరేగడిలో దాదాపు మూడు మీటర్ల జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలుగా పోశాడు. ప్యానెళ్ల దగ్గర బండలేని చోటు వెతికి ఇంకో రాడ్డు దించి, రెంటినీ నేలలోపల జీఐ పట్టీతో కలిపాడు. రెండు ఫ్రేములూ, స్టాండూ, ఇన్వర్టరు బాడీ అన్నీ ఆ ఒక్కదానికే కట్టాడు. ప్యానెళ్ల నుంచి వచ్చే వైర్లకి షెడ్డు గుమ్మంలోనే ఎస్పీడీ పెట్టాడు. వోల్టేజీ ఎగిరితే అది ఎర్తులోకి దారి తెరుస్తుంది. ఎక్కడో అడిగి తెచ్చిన టెస్టరుతో కొలిచి, ఐదు ఓముల లోపు వచ్చేదాకా వదల్లేదు. "ఐఎస్ 3043 ప్రకారం చేశా సార్" అన్నాడు. అలాంటి కోడొకటి ఉందని నాకు తెలిసినట్టు తల ఊపాను. తిన్నగా ప్యానెళ్ల మీదే పిడుగు పడితే మాత్రం ఇదంతా కూడా హామీ కాదనీ, మబ్బు పడితే వైర్లు పీకడమే మందనీ పెద్దాయనకి చెప్పాడు. నాకు చెప్పలేదు.

ఇంతటితో బుద్ధి వచ్చి ఉంటే ఎంత బావుండేది! కుర్రాడు వెళ్లిన కొన్నాళ్లకి నాకు భక్తి ఎక్కువైంది. బాడీలన్నీ ఎర్తుకి కట్టాం, మరి బ్యాటరీ నెగటివు, ప్యానెలు నెగటివు ఎందుకు వదిలేశాడు, మరిచిపోయి ఉంటాడు అనుకుని, రెంటినీ తీసుకెళ్లి ఎర్తుకి తగిలించాను. నా కొత్త కంట్రోలరు పాజిటివు రెండువైపులా కలిపి ఉంచి, నెగటివు వైపు తలుపు వేసి తీసి ఛార్జింగు ఆపే రకం. చవక కంట్రోలర్లు చాలా అంతేనట. నేను రెండు నెగటివులూ ఎర్తులో కలిపేసరికి ఆ తలుపు పక్కనే దొడ్డిదారి తెరిచినట్టయింది. ప్యానెళ్లు బ్యాటరీని నింపుతూనే ఉన్నాయి, నిండాక కూడా నింపుతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి బ్యాటరీ లోపల బుడబుడమని ఉడుకుతోంది, చెయ్యి పెడితే కాలుతోంది, షెడ్డంతా మురిగిన గుడ్ల కంపు. పెద్దాయన ఈసారి నన్ను అడగలేదు. వైరు పీకేసి అప్పుడు ఫోను చేశాడు.

ఈ సంగతి కుర్రాడికి ఇప్పటిదాకా తెలియదు.

మొన్న బొల్లాపల్లి వైపు నుంచి ఇద్దరు రైతులు కళ్లం దగ్గరికి వచ్చారు. అడవిపందుల కోసం సోలారు కంచె వేశారట, ఎండాకాలం వచ్చేసరికి తీగ ముట్టుకున్నా జిల్లు మనడం లేదట. కంచెకి కూడా ఎర్తే ప్రాణం. పంది ఒంట్లోంచి నేలలోకి దిగిన కరెంటు మళ్లీ మిషనుకి చేరాలంటే ఎర్తు రాడ్డే దారి, నేల ఎండితే ఆ దారి మూసుకుపోతుంది. నేను గొంతు సవరించుకుని, ఫ్రాంక్లిన్ దగ్గర మొదలెడదామా, నేల నిరోధం దగ్గర మొదలెడదామా అని ఆలోచిస్తున్నాను.

"మీరు కాదు సారూ" అన్నాడు అందులో ఒకాయన మర్యాదగా. "ఇక్కడ ఎర్తింగు చేసే పెద్దాయన ఉన్నాడని చెప్పారు, ఆయన కావాలి."

కుర్రాడు పనిచేస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని చూసి, వాడితోపాటు నాలుగైదు చోట్ల గోతులు తవ్వి, ఇప్పుడు ఈయన సొంతంగా వేస్తున్నాడట. గొయ్యి ఎక్కడ తియ్యాలో, ఎండాకాలం ఎన్ని బిందెలు పొయ్యాలో వాళ్లకి చెబుతుంటే నేను పక్కన నిలబడి విన్నాను. వాళ్లు వెళ్లాక, మా బావమరిది కూడా నరసరావుపేటలో డాబా మీద ప్యానెళ్లు పెడుతున్నాడు, వచ్చి ఎర్తు వేస్తావా అని అడిగాను.

"వేస్తా సారూ. మీవాళ్లంటున్నారుగా, కూలీలో ఐదొందలు తగ్గిస్తా" అన్నాడు. కాసేపాగి, "తీగ మాత్రం మీరు చుట్టొద్దు" అన్నాడు.